ఇంటి చదువుకు డబ్బు: అమెరికా కుటుంబాల లెక్కలోకి రాని పెద్ద ఖర్చు

అమెరికాలో పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకునే కుటుంబాలు డబ్బు కోసం పడే పాట్లు చాలావరకు పుస్తకాల చుట్టూ, ఆన్‌లైన్ క్లాసుల ఫీజుల చుట్టూ తిరుగుతాయి. పాత పుస్తకాలు అమ్ముతారు, కేకులు చేసి అమ్ముతారు, గోఫండ్‌మీ అనే వెబ్‌సైటులో విరాళాలు అడుగుతారు, తాతయ్య అమ్మమ్మలు పుట్టినరోజుకు బొమ్మ కొనబోతే ఆ డబ్బే ఇమ్మంటారు. ఇదంతా రసీదు వచ్చే ఖర్చు కోసం. రసీదు రాని ఖర్చు ఇంకొకటుంది. పాఠం చెప్పడానికి ఇంట్లో ఉండిపోయిన తల్లి, కొన్ని ఇళ్లలో తండ్రి, వదులుకున్న జీతం అది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప హోమ్‌స్కూలింగ్‌కు డబ్బు సమకూర్చుకోవడమంటే ఏమిటో అర్థం కాదు.

లెక్క తేలికే. అమెరికా ఫెడరల్ కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 నుంచి అది మారలేదు. వారానికి 40 గంటల చొప్పున ఏడాదంతా పనిచేస్తే 2,080 గంటలు, అంటే 15,080 డాలర్లు. దేశంలో చట్టం అనుమతించే అతి తక్కువ పూర్తికాల జీతానికి దగ్గరి లెక్క ఇది. నర్సుకో అకౌంటెంటుకో సాఫ్ట్‌వేర్ ఉద్యోగికో ఇంతకు ఎన్నో రెట్లు వస్తుంది. మరోపక్క, ఒక పిల్లవాడికి ఏడాదికి సరిపడా పుస్తకాలు, వర్క్‌బుక్కులు, ఓ రెండు బయటి క్లాసులు కలిపి కొన్ని వందల డాలర్ల నుంచి రెండు వేల దాకా అవుతాయి. లైబ్రరీ మీద ఆధారపడితే అంతకన్నా తక్కువే. విరాళాలతో, అమ్మకాలతో పూడ్చుతున్నది ఈ రెండో గుంట. మొదటిది అలాగే ఉండిపోతుంది.

ఇంట్లో పసిబిడ్డ కూడా ఉంటే లెక్క కొంత మారుతుంది. తల్లి ఉద్యోగానికి వెళ్తే డేకేర్‌కు కట్టాల్సిన డబ్బు ఆమె ఇంట్లో ఉండటం వల్ల మిగులుతుంది. అమెరికాలో డేకేర్ ఎంత ఖరీదో అక్కడ బిడ్డను పెంచినవాళ్లకు తెలుసు. ఇంటి చదువుకు మొగ్గే నిర్ణయం చాలా ఇళ్లలో ఆ వయసులోనే జరిగిపోవడానికి ఇదొక కారణం కావచ్చు. అయితే చిన్నబిడ్డకు ఐదారేళ్లు నిండగానే ఈ ఆదా ఆగిపోతుంది. పబ్లిక్ బడిలో ఫీజు లేదు గనక, అప్పటినుంచి ఇంట్లో ఉండటం నికరంగా నష్టమే. నిర్ణయం మాత్రం పాత లెక్క మీదే కొనసాగుతుంది.

ఆ నష్టం జీతంతోనూ ఆగదు. సోషల్ సెక్యూరిటీ పింఛను సొంత ఖాతాలో రావాలంటే 40 క్రెడిట్లు, అంటే కనీసం పదేళ్ల పని ఉండాలి. 2025లో ఒక క్రెడిట్‌కు 1,810 డాలర్ల సంపాదన కావాలి, ఏడాదికి నాలుగుకు మించి రావు. ముగ్గురు పిల్లల్ని కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి దాకా ఇంట్లో చదివించిన తల్లికి పదిహేనేళ్లకు పైగా ఒక్క క్రెడిట్ కూడా కలవకపోవచ్చు. భర్త పింఛనులో సగం దాకా భార్యగా వస్తుంది, నిజమే. విడాకులైతే, ఆ పెళ్లి కనీసం పదేళ్లు నిలిచి ఉంటేనే ఆ హక్కు ఉంటుంది. కాబట్టి ఇంటి చదువు బడ్జెట్ వేసుకునే ప్రతి కుటుంబమూ పుస్తకాల వరుసకంటే ముందు రాసుకోవాల్సింది స్పౌజల్ ఐఆర్ఏ. సంపాదన లేని జీవిత భాగస్వామి పేరు మీద, సంపాదిస్తున్నవారి ఆదాయం నుంచి రిటైర్మెంట్ ఖాతాలో వేసే సొమ్ము ఇది. 2025కి పరిమితి 7,000 డాలర్లు. విరాళం అడిగేటప్పుడు దీని గురించి ఎవరూ రాయరు, ఇచ్చేవాళ్లూ దీనికోసం ఇవ్వరు. అయినా పాతికేళ్ల తర్వాత ఆ ఇంట్లో ఎవరి చేతిలో డబ్బుంటుంది, ఎవరి చేతిలో ఉండదు అన్నది తేలేది ఇక్కడే.

ఇంటి చదువు కలిగినవాళ్ల వ్యవహారమని ఇప్పుడు అనలేం. 1993 నాటికే యాభై రాష్ట్రాల్లోనూ ఇది చట్టబద్ధమైంది. కోవిడ్ దాన్ని ఇంకా విస్తరించింది. సెన్సస్ బ్యూరో సర్వే ప్రకారం బడి వయసు పిల్లలున్న ఇళ్లలో హోమ్‌స్కూలింగ్ చేస్తున్నవి 2020 వసంతంలో 5.4 శాతం, అదే ఏడాది శరదృతువుకు 11.1 శాతం. నల్లజాతి కుటుంబాల్లో 3.3 నుంచి 16.1 శాతానికి పెరిగింది. ఇలా వచ్చినవాళ్లలో ఒంటరి తల్లులున్నారు, రాత్రి షిఫ్టుల్లో పనిచేసేవాళ్లున్నారు, బడిలో వేధింపులు తట్టుకోలేక పిల్లల్ని బయటికి తీసుకొచ్చినవాళ్లున్నారు. వాళ్లకు డబ్బు ప్రశ్న మొదటిరోజు నుంచే ఉంది.

దానికి ఈ మధ్య వచ్చిన పెద్ద జవాబు ప్రభుత్వ ఖాతాలు. అరిజోనా 2011లో వైకల్యమున్న పిల్లల కోసం ఎంపవర్‌మెంట్ స్కాలర్‌షిప్ అకౌంట్లు మొదలుపెట్టింది. బడికి ప్రభుత్వం పెట్టే సొమ్ములో ఎక్కువ భాగాన్ని తల్లిదండ్రుల చేతికిచ్చి, చదువు ఖర్చులకే వాడమనడం దీని పద్ధతి. 2022లో గవర్నర్ డగ్ డ్యూసీ సంతకంతో రాష్ట్రంలోని పిల్లలందరికీ దాన్ని తెరిచారు. అప్పటికి పన్నెండు వేల చిల్లర ఉన్న పిల్లల సంఖ్య 2025 నాటికి తొంభై వేలు దాటింది. మామూలు పిల్లవాడికి ఏడాదికి ఏడెనిమిది వేల డాలర్లు మూడు నెలలకోసారి జమవుతాయి. నలుగురు పిల్లలున్న ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు.

అయితే ఈ డబ్బు తీసుకున్న కుటుంబం అరిజోనా చట్టం దృష్టిలో హోమ్‌స్కూలింగ్ కుటుంబం కాదు. ఇంటి చదువు చెప్పేవాళ్లు కౌంటీ కార్యాలయంలో ఒక అఫిడవిట్ దాఖలు చేస్తారు. స్కాలర్‌షిప్ ఖాతా తీసుకునేవాళ్లు ఆ అఫిడవిట్ ఉంచుకోకూడదు, దానికి బదులు రాష్ట్రంతో ఒప్పందం మీద సంతకం చేయాలి. వంటింటి బల్ల దగ్గర చెప్పే పాఠం రెండిళ్లలోనూ ఒకటే, చట్టంలో హోదా వేరు. ఫ్లోరిడాలోనూ ఇంతే. 2023లో వచ్చిన పర్సనలైజ్డ్ ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్‌లో చేరిన పిల్లలు అక్కడి హోమ్ ఎడ్యుకేషన్ చట్టం కిందికి రారు. వాళ్లకు ఏటా ఒక ప్రామాణిక పరీక్ష తప్పనిసరి, చదువు ప్రణాళిక రాసివ్వాలి. 1983లో ఏర్పడి హోమ్‌స్కూలింగ్ హక్కుల కోసం కోర్టుల్లో పోరాడుతున్న హెచ్‌ఎస్‌ఎల్‌డీఏ ఇలాంటి ప్రభుత్వ సొమ్ము విషయంలో మొదటినుంచీ జంకుతోంది. సొమ్ము వెంట నియంత్రణ వస్తుందన్నది వాళ్ల వాదన. పేద కుటుంబానికి ఆ వాదన వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ కొట్టిపారేయదగ్గది కాదు.

సొమ్ము చేతికందడంలో కూడా చిక్కులున్నాయి. లేని పిల్లల పేర్లతో ఖాతాలు తెరిచినవాళ్ల మీద అరిజోనాలో 2024లో క్రిమినల్ కేసులు పెట్టారు. తనిఖీ పెరిగింది, కుటుంబాలు ముందు సొంత డబ్బుతో కొని తర్వాత అడిగే రీయింబర్స్‌మెంట్లు భారీగా పేరుకుపోయాయి. చివరికి ఆ ఏడాది డిసెంబరులో, 2,000 డాలర్ల లోపు కొనుగోళ్లను ముందు ఆమోదించి తర్వాత ఆడిట్ చేసే పద్ధతికి మారారు. నెల జీతం నెలాఖరుకే అయిపోయే ఇంటికి ఇలాంటి ఆలస్యమంటే క్రెడిట్ కార్డు వడ్డీ. ఆ వడ్డీని ఏ స్కాలర్‌షిప్పూ తిరిగివ్వదు.

టెక్సాస్ సంగతి తెలుగువాళ్లకు మరింత దగ్గరిది. గవర్నర్ గ్రెగ్ అబాట్ 2025 మేలో సంతకం చేసిన చట్టం 2026-27 నుంచి వంద కోట్ల డాలర్లతో ఇలాంటి ఖాతాలు మొదలుపెట్టింది. ప్రైవేటు బడికి వెళ్లే పిల్లవాడికి పది వేల డాలర్లకు పైగా వస్తుంటే, ఇంట్లో చదివే పిల్లవాడికి పరిమితి 2,000 డాలర్లు. పుస్తకాలకు ఇది చాలు. చట్టం చేసినవాళ్లు కూడా ఇంటి చదువంటే పుస్తకాల ఖర్చేనని అనుకున్నారన్నమాట. కన్నతల్లి తన బిడ్డకు పాఠం చెప్పినందుకు ఆ ఖాతాలోంచి జీతం తీసుకునే వీలు అరిజోనాలోనూ లేదు, టెక్సాస్‌లోనూ లేదు. దుర్వినియోగాన్ని ఆపడానికి ఆ నిబంధన అవసరమే. కానీ దాని ఫలితంగా వదులుకున్న జీతం మళ్లీ ఎవరి లెక్కలోకీ రాకుండా పోతోంది.

పన్నుల వైపు చూస్తే ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చేది తక్కువ. ఇంటి చదువు ఖర్చుకు నేరుగా ఏ మినహాయింపూ లేదు. టీచర్లు సొంత డబ్బుతో కొన్న సామాగ్రికి దొరికే మినహాయింపు (2025లో 300 డాలర్లు) బడిలో ఏడాదికి 900 గంటలు పనిచేసేవాళ్లకే. చదువు కోసం పన్ను రాయితీతో దాచుకునే కవర్‌డెల్ ఖాతాలో ఒక పిల్లవాడి పేరున ఏటా 2,000 డాలర్ల దాకా వేసుకోవచ్చు, రాష్ట్ర చట్టం ఇంటి చదువును బడిగా లెక్కించే చోట ఆ సొమ్ము పాఠశాల వయసు ఖర్చులకు పన్ను లేకుండా వాడుకోవచ్చు. అలాంటివే అయిన 529 ఖాతాలను 2025 జూలై 4న వచ్చిన చట్టం ట్యూషన్ ఫీజులతో పాటు పుస్తకాలు, ఆన్‌లైన్ పాఠాలు, పరీక్ష ఫీజుల దాకా విస్తరించింది. ఇక్కడా రాష్ట్రంలో ఇంటి చదువుకున్న హోదా ఏమిటో చూసుకుని, పన్ను నిపుణుణ్ణి అడిగాకే డబ్బు తీయాలి. టెక్సాస్‌లో ఇంటి చదువు ప్రైవేటు బడితో సమానమని అక్కడి సుప్రీంకోర్టు 1994లోనే లీపర్ కేసులో ఖాయం చేసింది. అన్ని రాష్ట్రాల్లో అలా లేదు.

రాష్ట్రాల పన్ను రాయితీలు ఇంతకన్నా నయం. ఇలినాయ్‌లో 250 డాలర్లు దాటిన అర్హమైన ఖర్చులో పావు వంతు, గరిష్ఠంగా 750 డాలర్లు పన్నులో తగ్గుతుంది. ఓక్లహోమాలో హోమ్‌స్కూలింగ్ పిల్లవాడికి 1,000 డాలర్ల దాకా పన్ను తగ్గింపు. మిన్నెసోటా, ఇండియానాల్లోనూ రాయితీలున్నాయి. వీటికి రసీదులు దాచుకోవడం తప్ప వేరే శ్రమ లేదు. అయినా విరాళాల కోసం వారాలకు వారాలు కష్టపడి, మార్చిలో ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు ఈ గడి నింపని కుటుంబాలు ఉండటం బాధాకరం.

ఇక విరాళాలు. గోఫండ్‌మీ ప్రతి విరాళం మీద 2.9 శాతం, పైన 30 సెంట్లు పట్టుకుంటుంది. యాభైమంది తలా 20 డాలర్లిస్తే వెయ్యి డాలర్లకు 956 చేతికొస్తాయి. ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు రాదు, ఎందుకంటే అది ఒక కుటుంబానికిచ్చిన కానుకే గానీ ధర్మసంస్థకిచ్చిన దానం కాదు. ఇల్లు కాలిపోయినప్పుడు, తండ్రికి జబ్బు చేసినప్పుడు, ఉద్యోగం ఊడినప్పుడు ఈ దారి పనిచేస్తుంది, పనిచేయాలి కూడా. అలాంటి కష్టకాలానికి హెచ్‌ఎస్‌ఎల్‌డీఏ కూడా కొన్ని గ్రాంట్లు ఇస్తోంది. చదువు మాత్రం పదమూడేళ్లు ఏటా వచ్చే ఖర్చు. మొదటిసారి మనసారా ఇచ్చిన చుట్టాలే మూడోసారి మొహం చాటేస్తారు, అందులో వాళ్ల తప్పేమీ లేదు.

ఇందుకే చాలామంది కో-ఆప్‌ల వైపు వస్తారు. పది ఇరవై కుటుంబాలు కలిసి చర్చిలోనో కమ్యూనిటీ హాల్లోనో వారానికోసారి క్లాసులు పెట్టుకోవడం, ఒక తల్లి సైన్సు ల్యాబ్ చేయిస్తే ఇంకో తండ్రి లెక్కలు చెప్పడం ఇక్కడి పద్ధతి. వీటిలో కొన్ని 501(సీ)(3) ధర్మసంస్థగా నమోదై అమ్మకాలు చేస్తాయి, దాతల దగ్గర చందాలు తీసుకుంటాయి. ఇక్కడే పెద్ద గొయ్యి ఉంది. "ఎవరెంత అమ్మితే వాళ్ల ఫీజు అంత తగ్గుతుంది" అనే పద్ధతి న్యాయంగా, సహజంగా కనిపిస్తుంది. చట్టం మాత్రం దాన్ని ఒప్పుకోదు. పిల్లల జిమ్నాస్టిక్స్ కోసం తల్లిదండ్రులు నిధులు పోగుచేసే వర్జీనియాలోని క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ సరిగ్గా ఇలాగే చేసింది. అమ్మకాల్లో వచ్చిన లాభాన్ని అమ్మిన కుటుంబాల ఖాతాల్లో పాయింట్లుగా రాసి, ఆ మేరకు వాళ్ల పిల్లల జిమ్నాస్టిక్స్ ఖర్చు తగ్గించింది. అమ్మకాలు చేయని కుటుంబాల పిల్లలకు ఏమీ దక్కలేదు. ఫెడరల్ పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆ క్లబ్ ధర్మసంస్థ హోదా రద్దు చేస్తే, 2013లో ట్యాక్స్ కోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది.

ఆ తీర్పు జిమ్నాస్టిక్స్ గురించే అయినా, ధర్మసంస్థగా నమోదై నిధుల కోసం కుకీ పిండి అమ్మే ప్రతి హోమ్‌స్కూలింగ్ కో-ఆప్‌కూ అది వర్తిస్తుంది. సరైన పద్ధతి ఏమిటంటే, వచ్చినదంతా ఉమ్మడి నిధిలో వేసి అందరి ఫీజునూ ఒకేలా తగ్గించడం, లేదా అవసరాన్ని బట్టి, ఆ పిల్లలతో సంబంధం లేని సభ్యులు నిర్ణయించి సాయం చేయడం. చిన్న కో-ఆప్‌కు పత్రాల బరువు కూడా భయపడేంత లేదు. ఏడాదికి మామూలుగా 5,000 డాలర్లు మించని రాబడి ఉన్న సంస్థ ధర్మసంస్థ గుర్తింపు కోసం దరఖాస్తు చేయనక్కర్లేదు. దానికన్నా పెద్దదై 50,000 డాలర్ల లోపు ఉంటే 1023-ఈజెడ్ అనే చిన్న ఫారం, 275 డాలర్ల రుసుము. ఈ పని మొదటి ఏడాదే చేసుకున్న కో-ఆప్‌లు స్థానిక దుకాణాల నుంచి, ఉద్యోగి ఇచ్చినదానికి తోడుగా కంపెనీలిచ్చే మ్యాచింగ్ విరాళాల నుంచి డబ్బు తెచ్చుకోగలుగుతాయి. ఒక్క కుటుంబం అడిగితే ఆ తలుపులు తెరుచుకోవు.

2027 జనవరి నుంచి ఇంకొక దారి రాబోతోంది. స్కాలర్‌షిప్‌లిచ్చే సంస్థకు దానమిచ్చినవారికి, 1,700 డాలర్ల దాకా, ఇచ్చినంత మొత్తమూ కట్టాల్సిన ఫెడరల్ పన్నులో తగ్గించే క్రెడిట్ ఇది. చేరాలా వద్దా అన్నది ఆయా రాష్ట్రాల ఇష్టం. ఫలానా పిల్లవాడికే ఇమ్మని దాత చెప్పడానికి వీల్లేదు. అంటే మేనమామ మేనల్లుడి కోసం ఈ దారిలో డబ్బు పంపలేడు.

ఇంట్లో వండి అమ్మడం అమెరికాలో హోమ్‌స్కూలింగ్ తల్లులు ఎంచుకునే పనుల్లో ఒకటి. చాలా రాష్ట్రాల్లో కాటేజ్ ఫుడ్ చట్టాలు దీనికి వీలిస్తాయి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్‌లలో ఉన్న తెలుగు ఇళ్లకు ఇక్కడొక గట్టి హెచ్చరిక అవసరం. హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామిగా హెచ్-4 వీసా మీదున్న భార్యకు పని అనుమతి, అంటే ఈఏడీ లేకపోతే, ఇంట్లో చేసిన పచ్చళ్లు, స్వీట్లు అమ్మడం కూడా అనుమతిలేని ఉద్యోగం కిందే లెక్కకొస్తుంది. వాట్సాప్ గ్రూపులో తెలిసినవాళ్లకు అమ్మితే పరవాలేదన్న మాట నిజం కాదు. గ్రీన్ కార్డు దరఖాస్తు దశలో అది బయటపడితే పోయేది నాలుగు డబ్బాల ఆవకాయ లాభం కాదు. ట్యూషన్లు చెప్పి ఫీజు తీసుకోవడానికీ ఇదే వర్తిస్తుంది.

ఈ కుటుంబాల్లో జీతం లెక్క కూడా తిరగబడుతుంది. 2015 మే నుంచి కొందరు హెచ్-4 వాళ్లకు ఈఏడీ వస్తోంది, సాధారణంగా హెచ్-1బీ భాగస్వామికి ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్, ఆమోదమయ్యాక. అప్పటిదాకా బీటెక్, ఎంటెక్ చదివిన తల్లి ఇంట్లో ఉండటం ఆమె ఎంచుకున్నది కాదు, వదులుకోవడానికి జీతమే లేదు. ఆ ఏళ్లలో ఇంటి చదువు నిజంగానే పుస్తకాల ఖర్చుతో నడుస్తుంది. ఈఏడీ చేతికొచ్చిన రోజు నుంచి అదే చదువు ఏడాదికి ఒక ఇంజనీరు జీతమంత ఖరీదవుతుంది. ఆ రోజున తల్లి ఉద్యోగానికి వెళ్లాలనుకుంటే పిల్లల్ని బడికి పంపడాన్ని ఓటమిగా చూడకుండా, ముందే ఇంట్లో ఆ మాట అనుకుని ఉండటం మంచిది. పిల్లల చదువు పేరుతో ఆమె ఉద్యోగం రెండోసారి వాయిదా పడకూడదు.

ఖర్చు తగ్గించే దారుల్లో హైస్కూలు వయసుకు పనికొచ్చేవే పెద్దవి. లైబ్రరీ, ఖాన్ అకాడమీ అందరికీ తెలిసినవే. వాషింగ్టన్ రాష్ట్రంలో రన్నింగ్ స్టార్ట్ కింద 11, 12 తరగతుల వయసు హోమ్‌స్కూలింగ్ పిల్లలు కూడా కమ్యూనిటీ కాలేజీలో ట్యూషన్ ఫీజు లేకుండా చదవచ్చు. ఫ్లోరిడాలో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ ఇలాంటిదే. మోడర్న్ స్టేట్స్ అనే లాభాపేక్షలేని సంస్థ ఉచితంగా పాఠాలు చెప్పి, కాలేజీ స్థాయి సబ్జెక్టుల మీద జరిగే క్లెప్ పరీక్ష ఫీజు కూడా తనే కడుతుంది. పాసైతే చాలా కాలేజీల్లో క్రెడిట్లు దక్కుతాయి. ఇక్కడ మిగిలేది పుస్తకాల డబ్బు కాదు, కాలేజీ ఫీజు.

వదులుకున్న జీతాన్ని కొంతైనా తిరిగి తెచ్చే పద్ధతి ఒకటుంది. రెండు కుటుంబాలు రోజులు పంచుకోవడం. సోమ, మంగళవారాలు ఒక ఇంట్లో, బుధ, గురువారాలు రెండో ఇంట్లో పిల్లలందరూ చదువుకుంటే, ఇద్దరు తల్లులకూ వారానికి రెండేసి పూర్తి రోజులు మిగులుతాయి. ఏడాదికి 832 గంటలు. కనీస వేతనంతోనే 6,032 డాలర్లు, గంటకు 20 డాలర్లొచ్చే పనైతే 16,640. అంత డబ్బు ఏ కేకుల అమ్మకమూ తేలేదు. పైగా ఆ తల్లికి ఏటా నాలుగు సోషల్ సెక్యూరిటీ క్రెడిట్లూ పడేది, 2025 లెక్కన, 7,240 డాలర్ల సంపాదన దగ్గర గనక, గంటకు పది డాలర్లొచ్చినా ఆమె పింఛను ఖాతా ఆగకుండా నడుస్తుంది. మొదలుపెట్టేముందు రాష్ట్ర చట్టం చూసుకోవాలి. నార్త్ కరోలినాలో ఒక హోమ్‌స్కూల్‌లో రెండు కుటుంబాల పిల్లలకు మించి ఉండకూడదు, ఇంకొన్ని చోట్ల వేరేవాళ్ల పిల్లల్ని క్రమం తప్పకుండా ఇంట్లో ఉంచుకుంటే డేకేర్ లైసెన్సు నిబంధనలు వర్తించవచ్చు. ఇద్దరు తల్లులూ ఎవరే రోజు, ఎవరే సబ్జెక్టు, పిల్లవాడికి జ్వరం వస్తే ఏం చేయాలి అన్నవి ఆగస్టులోనే కాగితం మీద రాసుకుంటే, అక్టోబరుకు ఏర్పాటు చెదరకుండా ఉంటుంది.